ఒక్క ఏడాదికే మంజూరు: ఇంగ్లండ్ రాజు పార్లమెంటుకు ఎలా లొంగాడు

1629 మార్చి 2. లండన్‌లో కామన్స్ సభ, అంటే పార్లమెంటులో ఎన్నికైన సభ్యులు కూర్చునే దిగువ సభ. సభను వాయిదా వేయమని రాజు మొదటి చార్లెస్ దగ్గర్నుంచి కబురొచ్చింది. స్పీకర్ జాన్ ఫించ్ ఆ సంగతి చెప్పి కుర్చీలోంచి లేవబోయాడు. స్పీకర్ లేచాడంటే సభ ముగిసినట్టే. అందుకే డెంజిల్ హోల్స్, బెంజమిన్ వాలెంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయన్ని చెరోవైపూ పట్టుకుని మళ్లీ కుర్చీలో కూలేశారు. మేం లేవాలనుకునే దాకా నువ్విక్కడే కూర్చోవాలని హోల్స్ దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్పాడు. ఫించ్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. లోపలి నుంచి తలుపులకు తాళం వేశారు. బయట రాజు పంపిన మనిషి తలుపు బాదుతున్నాడు. ఆ గందరగోళంలోనే మూడు తీర్మానాలు చదివి, కేకలతోనే ఆమోదించారు. అందులో ఒకటి మతం గురించి. మిగతా రెండూ ఒకే విషయం మీద: పార్లమెంటు మంజూరు చేయని ఓడరేవు సుంకాలను వసూలు చేయమని రాజుకు సలహా ఇచ్చేవాడూ, వాటిని ఇష్టపడి కట్టేవాడూ దేశానికి శత్రువులే.

సుంకం గొడవ స్పీకర్‌ని కుర్చీలో అదిమిపట్టే దాకా ఎందుకు వెళ్లింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, రాజులకూ పార్లమెంటుకూ మధ్య అటూ ఇటూగా వందేళ్లు సాగిన పోరు మొత్తం అర్థమవుతుంది. ఆ పోరు అనగానే అందరికీ గుర్తొచ్చేది 1649లో రాజు తల నరకడం. నిజానికి దానితో ఏదీ తేలలేదు. పదకొండేళ్లు తిరిగేసరికి ఆ రాజు కొడుకు వచ్చి అదే సింహాసనం మీద కూర్చున్నాడు. రాజరికాన్ని నిజంగా లొంగదీసింది చూడ్డానికి చాలా చిన్న మాట. డబ్బు ఇస్తాం, కానీ ఒక్క ఏడాదికే ఇస్తాం అన్న మాట.

ఇంగ్లండ్‌లో పాత రోజుల నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. రాజు తన సొంత రాబడితోనే బతకాలి. సొంత భూముల మీద వచ్చేది, కోర్టుల్లో వేసే జరిమానాలు, కింది ప్రభువుల నుంచి అందే రుసుములు, వీటితోనే ఇల్లూ రాజ్యమూ నడుపుకోవాలి. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం అదనంగా అడగొచ్చు. అడగాలి, లాక్కోకూడదు. 1215లో రన్నీమీడ్ దగ్గర జాన్ రాజు చేత ఒప్పించిన మాగ్నా కార్టాలో 12వ అంశం ఇదే చెప్పింది: రాజ్యం ఉమ్మడి సమ్మతి లేకుండా అలాంటి పన్నులు వేయడానికి లేదు. 1295లో మొదటి ఎడ్వర్డ్ యుద్ధాల ఖర్చుకోసం పార్లమెంటును పిలిచినప్పుడు, అందరికీ సంబంధించిన విషయాన్ని అందరూ ఆమోదించాలన్న సూత్రాన్ని ఆహ్వానపత్రాల్లోనే రాయించాడు. అంటే పార్లమెంటు పుట్టుకలోనే బేరం ఉంది. రాజు చెయ్యి చాచి అడిగితే, సభ్యులు ముందు మా గోడు విను అన్నారు. శతాబ్దాల పాటు ఈ ఇచ్చిపుచ్చుకోవడం బాగానే సాగింది.

పదహారో శతాబ్దంలో ధరలు పెరిగాయి. రాజుగారి భూముల మీద రాబడి మాత్రం పాత లెక్కల దగ్గరే ఉండిపోయింది. ఎనిమిదో హెన్రీ మఠాల నుంచి స్వాధీనం చేసుకున్న భూములను యుద్ధాల కోసం అమ్మేశాడు. మొదటి ఎలిజబెత్ కూడా అమ్ముకుంటూనే వచ్చింది. 1603లో జేమ్స్ గద్దెనెక్కేసరికి అప్పులు ఎదురుచూస్తున్నాయి. 1610లో ఒక పెద్ద బేరం నడిచింది. రాజు పాత ఫ్యూడల్ రుసుములన్నీ వదులుకుంటే పార్లమెంటు ఏటా 2 లక్షల పౌండ్లు ఇస్తుంది. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక అది మధ్యలోనే చెడింది. అది కుదిరి ఉంటే రాజుకు స్థిరమైన ఆదాయం దక్కేది. బహుశా పార్లమెంటుతో పనే ఉండేది కాదు.

1625లో చార్లెస్ రాజయ్యాడు. ఓడరేవుల్లో దిగే ద్రాక్షసారా పీపాల మీద, సరుకుల మీద వేసే సుంకాలను ప్రతి కొత్త రాజుకూ మొదటి పార్లమెంటులోనే జీవితాంతం మంజూరు చేయడం దాదాపు 150 ఏళ్లుగా అలవాటు. ఈసారి కామన్స్ సభ ఒక్క ఏడాదికే ఇస్తాం అంది. చార్లెస్‌కు ఇది ఘోర అవమానంలా తోచింది. ప్రభువుల సభలో ఆ బిల్లు ముందుకు కదల్లేదు. రాజు మంజూరు సంగతి పక్కనపెట్టి సుంకాలు వసూలు చేయించుకున్నాడు. 1629లో సభ తలుపులకు తాళం పడటానికి మూలం ఇక్కడే ఉంది.

ఈలోగా స్పెయిన్‌తో, ఫ్రాన్స్‌తో యుద్ధాలు. డబ్బు లేదు. 1626లో రాజు ఆస్తిపరుల దగ్గర బలవంతపు అప్పు వసూలు చేయించాడు. తిరిగి ఇచ్చే ఉద్దేశం లేని అప్పు అది, అంటే పేరు మార్చిన పన్ను. కట్టనన్న డెబ్బై మందికి పైగా పెద్దమనుషులను జైల్లో పెట్టారు. వాళ్లలో ఐదుగురు కోర్టుకెళ్లి, మమ్మల్ని ఏ నేరం మీద పెట్టారో చెప్పండి అని అడిగారు. రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ అన్నదే జవాబు. 1628 పార్లమెంటు హక్కుల అర్జీ తెచ్చింది. పార్లమెంటు సమ్మతి లేకుండా పన్ను వద్దు, కారణం చూపకుండా జైలు వద్దు, జనం ఇళ్లలో సైనికులను దించొద్దు, శాంతికాలంలో సైనిక చట్టం వద్దు. డెబ్బై ఆరేళ్ల న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ ఈ అర్జీ వెనక పెద్ద దిక్కు. రాజు సార్వభౌమాధికారానికి భంగం లేకుండా అని ఒక మాట చేర్చుదామని ప్రభువుల సభ అంటే ఆయన ఒప్పుకోలేదు. మాగ్నా కార్టా తన పైన సార్వభౌముణ్ని ఒప్పుకునే రకం కాదని సభలో తెగేసి చెప్పాడు. చార్లెస్ మొదట డొంకతిరుగుడు జవాబిచ్చి, సభ పట్టుబట్టాక జూన్ 7న సరైన మాటల్లో ఆమోదించాడు. ఓడరేవు సుంకాలు ఆ అర్జీ కిందికి రావని ఆ వెంటనే వాదించాడు.

1629 సభ చెదిరిపోయాక తీర్మానాలు రాసిన జాన్ ఎలియట్‌ను లండన్ టవర్‌లో బంధించారు. క్షమాపణ చెబితే వదిలేస్తారు. సభలో మాట్లాడినదానికి సభకే తప్ప ఎవరికీ జవాబు చెప్పనని ఆయన భీష్మించాడు. చలికి, క్షయకు 1632లో అక్కడే చనిపోయాడు. సొంత ఊళ్లో పూడ్చుకుంటామని కొడుకు అర్జీ పెట్టుకుంటే, ఆయన చనిపోయిన పేటలోని చర్చిలోనే పూడ్చమని రాజు ఆ కాగితం మీదే రాసిచ్చాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు. మన చట్టసభల్లో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు పెట్టకూడదని రాజ్యాంగం 105, 194 అధికరణాలు చెబుతాయి. ఆ రక్షణ విలువ ఏంటో తెలుసుకోవాలంటే ఎలియట్ ఆ చివరి మూడేళ్లు గుర్తుచేసుకోవాలి.

తర్వాత పదకొండేళ్లు చార్లెస్ పార్లమెంటునే పిలవలేదు. అది చట్టవిరుద్ధం కూడా కాదు. ఎప్పుడు పిలవాలన్నది రాజు ఇష్టమే. యుద్ధాలు మానుకున్నాడు, పాత చట్టాల దుమ్ము దులిపి జరిమానాలు వేశాడు, గుత్తాధిపత్యాలు అమ్ముకున్నాడు. అన్నిటికంటే తెలివైనది ఓడల పన్ను. సముద్రం మీద ప్రమాదం ఉన్నప్పుడు రేవు పట్టణాలు రాజుకు ఓడలనైనా, వాటి ఖరీదునైనా ఇవ్వాలన్నది పాత ఆచారం. 1634లో దాన్ని తీరప్రాంతాల మీద వేశాడు. 1635లో సముద్రం ముఖం చూడని లోపలి జిల్లాల మీద కూడా వేసి, ఏటా కొనసాగించాడు. ఏడాదికి దాదాపు 2 లక్షల పౌండ్లు. మొదట్లో బాగానే వసూలైంది కూడా.

బకింగ్‌హమ్‌షైర్‌లో జాన్ హాంప్డెన్ అనే సంపన్న భూస్వామి ఉండేవాడు. స్టోక్ మాండెవిల్ ఊళ్లో ఆయన భూమి మీద పడిన పన్ను 20 షిల్లింగులు, అంటే సరిగ్గా ఒక పౌండు. ఆయనకు అదో లెక్క కాదు. కానీ కట్టనన్నాడు. 1637 చలికాలంలో పన్నెండు మంది జడ్జీల ముందు వాదనలు నడిచాయి. ప్రమాదం ఉందో లేదో తేల్చేది రాజే కదా అని ప్రభుత్వ లాయర్లు అన్నారు. ప్రమాదం అంత దగ్గర్లో ఉంటే పార్లమెంటును పిలవడానికి నెలల సమయం ఎలా దొరికింది, ఎందుకు పిలవలేదు అని హాంప్డెన్ లాయర్లు అడిగారు. 1638లో తీర్పు రాజు వైపే వచ్చింది. కానీ ఏడుగురు ఇటు, ఐదుగురు అటు. జడ్జీలను ఉద్యోగంలోంచి తీసేసే అధికారం రాజు చేతిలో ఉన్న రోజుల్లో ఐదుగురు ఎదురు నిలిచారంటే చిన్న విషయం కాదు. ఆ తీర్పులో మరో చిక్కు ఉంది. ప్రమాదం ఉందని రాజు అంటే చాలు, ఏ ఆస్తికీ రక్షణ లేదని అది ఒప్పుకున్నట్టయింది. కేసు గెలిచాక వసూళ్లు పెరగాల్సింది పోయి పడిపోయాయి. 1639లో వేసినదాంట్లో ఎక్కువ భాగం రానే లేదు. ఒక్క పౌండు కోసం వేసిన కేసు, ఓడిపోయి కూడా, ఆ పన్నును చంపేసింది.

యుద్ధం లేనంత కాలం ఇలా బండి లాగొచ్చు. 1637లో స్కాట్లండ్ చర్చిల మీద కొత్త ప్రార్థనాపుస్తకం రుద్దబోయి చార్లెస్ కొరివితో తల గోక్కున్నాడు. స్కాట్లు తిరగబడ్డారు. సైన్యం కావాలి, జీతాలు కావాలి. 1640 ఏప్రిల్‌లో పార్లమెంటును పిలిచాడు. ముందు పదకొండేళ్ల లెక్క తేల్చమని సభ అంది. మూడు వారాలకే రద్దు చేశాడు. స్కాట్లు ఇంగ్లండ్ ఉత్తరభాగాన్ని ఆక్రమించి, సంధి కుదిరేదాకా రోజుకు 850 పౌండ్లు ఖర్చుల కింద ఇవ్వాలన్నారు. ఆ డబ్బు పార్లమెంటు తప్ప ఎవరూ ఇవ్వలేరు. నవంబర్ 3న మళ్లీ పిలిచాడు. ఈసారి సభ్యులు మొదట చేసిన పని తమ సభను కాపాడుకోవడం. మూడేళ్లకోసారైనా పార్లమెంటు జరగాలని ఒక చట్టం, సభ ఒప్పుకోకుండా ఈ పార్లమెంటును రద్దు చేయకూడదని ఇంకో చట్టం. ఓడల పన్ను చెల్లదన్నారు. రాజును ఎదిరించినవాళ్లను శిక్షించడానికి వాడిన స్టార్ చాంబర్ కోర్టును ఎత్తేశారు. రాజుకు కుడిభుజం లాంటి స్ట్రాఫర్డ్ తల తీయించారు. వీటన్నిటి మీదా చార్లెసే సంతకాలు పెట్టాడు.

అంతా అయిపోయినట్టే అనిపించిన వేళ, 1641 అక్టోబర్‌లో ఐర్లండ్‌లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి సైన్యం కావాలన్నది అందరూ ఒప్పుకున్నారు. ఆ సైన్యం ఎవరి చేతిలో ఉండాలి? రాజుకిస్తే ముందు తమమీదే తిప్పుతాడని కామన్స్‌లో రాజు వ్యతిరేకులకు నాయకుడైన జాన్ పిమ్ లాంటివాళ్ల టెన్షన్. ఈ ఒక్క ప్రశ్న సభను రెండుగా చీల్చింది. రాజు తప్పులన్నీ ఏకరువు పెట్టిన మహా నివేదన నవంబర్‌లో 159కి 148, కేవలం 11 ఓట్ల తేడాతో నెగ్గింది. ఏడాది కింద దాదాపు సభంతా రాజుకు ఎదురుగా ఉంది. ఇప్పుడు సగం మంది ఆయన పక్కకు జరిగారు. ఓపిక పడితే చార్లెస్ గెలిచేవాడే.

ఆయన ఓపిక పట్టలేదు. 1642 జనవరి 4న దాదాపు 400 మంది సాయుధులను వెంటేసుకుని కామన్స్ సభలోకి స్వయంగా నడిచొచ్చాడు. పిమ్, హాంప్డెన్, హోల్స్, హేజిల్‌రిగ్, స్ట్రోడ్ అనే ఐదుగురిని రాజద్రోహం కింద పట్టుకెళ్లాలి. కబురు ముందే అంది వాళ్లు పడవలో జారుకున్నారు. రాజు స్పీకర్ కుర్చీలోకి ఎక్కి చుట్టూ చూశాడు. పిమ్ ఏడీ అన్నాడు. సభలో చడీచప్పుడు లేదు. స్పీకర్ విలియం లెంథాల్‌ను అడిగాడు. లెంథాల్ ఏ పోరాటాలూ చేసినవాడు కాదు, భయస్తుడనే పేరు. మోకాళ్ల మీద కూర్చుని, ఈ సభ చూపించమన్నది తప్ప చూడ్డానికి నాకు కళ్లు లేవు, చెప్పమన్నది తప్ప చెప్పడానికి నాలుక లేదు, నేను ఇక్కడ సభ సేవకుణ్ని అన్నాడు. పదమూడేళ్ల కింద ఇదే కుర్చీలో ఫించ్ రాజు మాట దాటలేక ఏడ్చాడు. ఇప్పుడు అదే రాజు ఎదురుగా నిలబడితే లెంథాల్ సభ మాటే చెప్పాడు. స్పీకర్ ఎవరి మనిషి అన్న ప్రశ్న ఆ రోజుతో తేలింది. పిట్టలన్నీ ఎగిరిపోయాయి అంటూ చార్లెస్ వెనుదిరిగాడు. వారం తిరక్కుండా లండన్ వదిలేశాడు. ఆ నగరంలోకి మళ్లీ అడుగుపెట్టింది ఖైదీగానే. ఆ తర్వాత ఏ రాజూ, ఏ రాణీ సమావేశం జరుగుతున్న కామన్స్ సభలోకి అడుగు పెట్టలేదు. ఇప్పటికీ సమావేశాల ప్రారంభం రోజున రాజు దూత వస్తే కామన్స్ తలుపు ఆయన ముఖం మీదే మూస్తారు. మూడుసార్లు తట్టాకే తీస్తారు.

ఆ ఏడాదే రాజుకూ పార్లమెంటుకూ మధ్య మొదలైన యుద్ధం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లండన్, దాని రేవు, సంపన్నమైన తూర్పు జిల్లాలు పార్లమెంటు వైపున్నాయి. జీతాలు సమయానికి అందే సైన్యాన్ని ఆ వైపే నిలబెట్టుకోగలిగారు. 1645లో నేజ్‌బీ దగ్గర రాజు ఓడిపోయాడు. 1648 డిసెంబర్‌లో పార్లమెంటు సైన్యమే తనకు నచ్చని సభ్యులను సభ గుమ్మం దగ్గరే ఆపేసింది. మిగిలినవాళ్లు రాజును విచారించడానికి 135 మందితో ఒక కోర్టు పెడితే, మరణశిక్ష పత్రం మీద సంతకం చేసింది 59 మంది. 1649 జనవరి 30న వైట్‌హాల్‌లో శిక్ష అమలైంది.

ఆ తర్వాతి పదకొండేళ్లు కొంచెం ఆగి చూడాలి. రాజు లేడు. అధికారం పార్లమెంటు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ చేతికొచ్చింది. 1653లో ఆయన సైనికులతో వచ్చి పార్లమెంటును వెళ్లగొట్టాడు. తర్వాత పిలిచిన సభలతోనూ పొసగలేదు. 1654లో జార్జ్ కోనీ అనే వర్తకుడు, పార్లమెంటు మంజూరు చేయని సుంకం కట్టనన్నాడు. ఆయన తరఫున వాదించిన లాయర్లను క్రామ్‌వెల్ లండన్ టవర్‌కు పంపాడు. హాంప్డెన్ ఎవరో కాదు, ఈ క్రామ్‌వెల్‌కు స్వయానా మేనత్త కొడుకు. కుర్చీలో ఎవరున్నా, చేతిలో సైన్యముండి ఖర్చుకు జవాబు చెప్పక్కర్లేదంటే పాలన ఇలాగే ఉంటుందని ఇంగ్లండ్ రెండోసారి నేర్చుకుంది. రాజును తీసేయడం వేరు, రాజు అధికారాన్ని కట్టడి చేయడం వేరు.

1660లో రెండో చార్లెస్ తిరిగొచ్చాడు. ఆనందంలో ఉన్న పార్లమెంటు ఆయనకు ఏటా 12 లక్షల పౌండ్ల ఆదాయం జీవితాంతం రాసిచ్చింది. మొదట్లో అంత రాలేదు కాబట్టి సభను పిలుస్తూనే ఉన్నాడు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దగ్గర రహస్యంగా డబ్బు తీసుకున్నాడు. 1680ల నాటికి వ్యాపారం పెరిగి సుంకాలు దండిగా రావడంతో 1681 తర్వాత చనిపోయేదాకా పార్లమెంటు ముఖమే చూడలేదు. 1685లో తమ్ముడు రెండో జేమ్స్ వచ్చాడు. రాజభక్తులతో నిండిన సభ ఆయనకూ సుంకాలను జీవితాంతం ఇచ్చేసింది. ఆయన ఆ డబ్బుతో 20 వేల సైన్యాన్ని పోషించాడు. చట్టాలను పక్కనపెట్టే అధికారం తనకుందన్నాడు. కాదన్న ఏడుగురు బిషప్పుల మీద కేసు పెట్టాడు. 1688 జూన్‌లో జ్యూరీ వాళ్లను వదిలేసినప్పుడు రాజు సొంత సైనికులే కేరింతలు కొట్టారు. నవంబర్‌లో జేమ్స్ అల్లుడు, డచ్చి పాలకుడు విలియం సైన్యంతో దిగాడు. జేమ్స్ రాజముద్రను థేమ్స్ నదిలో పడేసి పారిపోయాడు.

1689 హక్కుల చట్టం పేరు అందరికీ తెలుసు. పార్లమెంటు మంజూరు లేని పన్ను చెల్లదు, శాంతికాలంలో దాని సమ్మతి లేకుండా సైన్యం ఉంచకూడదు, సభలోని మాటను కోర్టులో ప్రశ్నించకూడదు. నిజం చెప్పాలంటే ఇందులో కొత్త మాటలు తక్కువ. 1628లో చార్లెస్ ఆమోదించినవాటికి చాలా దగ్గరివే. అప్పుడు నిలవని మాట ఇప్పుడు ఎలా నిలిచింది?

తేడా లెక్కల్లో ఉంది. జేమ్స్‌కు జీవితాంతం డబ్బు ఇచ్చి మోసపోయిన సభ్యులే చాలామంది ఈ సభలోనూ ఉన్నారు. రాజుకు అవసరం లేకపోతే మనల్ని పిలవడన్న పాఠం వాళ్ల ఒంటికి పట్టింది. విలియం తమను కాపాడిన వీరుడే, అయినా ఓడరేవు సుంకాలను 1690లో నాలుగేళ్లకే మంజూరు చేశారు. విలియం చిన్నబుచ్చుకున్నాడు. జేమ్స్‌ను నమ్మి నన్ను నమ్మరా అన్నది ఆయన బాధ. సైన్యం విషయంలో ఇంకా గట్టి తాళం వేశారు. సైనికులను క్రమశిక్షణలో ఉంచే చట్టాన్ని కొన్ని నెలలకే చేశారు, తర్వాత ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు. పొడిగించకపోతే ఆజ్ఞ మీరిన సైనికుణ్ని సైనిక కోర్టులో శిక్షించే ఆధారమే ఉండదు. ఫ్రాన్స్‌తో యుద్ధానికి విలియంకు ఏటా డబ్బు కావాలి, ఏటా సభను పిలవాలి. పార్లమెంటును పిలవాలని ఎవరూ బతిమాలక్కర్లేకపోయింది. 1689 నుంచి ఈనాటి దాకా అది జరగని ఏడాది లేదు.

దీంట్లో ఇంకో మలుపు ఉంది. 1672లో రెండో చార్లెస్ తన అప్పులకు చెల్లింపులు ఆపేసి లండన్ షావుకార్లను ముంచాడు. రాజు మాట మీద అప్పిచ్చేవాడికి ఎప్పుడూ ఆ భయమే. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టినప్పుడు 12 లక్షల పౌండ్లు కొద్ది రోజుల్లోనే పోగయ్యాయి. వడ్డీ కోసం పార్లమెంటే చట్టం చేసి కొన్ని సుంకాలు కేటాయించింది కాబట్టి జనం నమ్మారు. అంటే పార్లమెంటుకు తలవంచిన రాజు, తలవంచని రాజుకంటే ఎక్కువ అప్పు తెచ్చుకోగలిగాడు. ఫ్రాన్స్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది. అక్కడి రాజులు సభ సమ్మతి అడగకుండానే భూమి పన్ను వసూలు చేసే అలవాటు పదిహేనో శతాబ్దంలోనే సంపాదించారు. దేశ ప్రతినిధుల సభను 1614 తర్వాత 175 ఏళ్లు పిలవలేదు. 1789లో ఖజానా దివాలా తీసి పిలవక తప్పనప్పుడు, అది అర్జీలు పెట్టుకునే సభగా మొదలై విప్లవంగా మారింది.

ఇంగ్లండ్‌లో మాత్రం రాజు అధికారం రాతల్లో ఉండగానే వాడుకలోంచి జారిపోతూ వచ్చింది. పార్లమెంటు పాస్ చేసిన బిల్లును చివరిసారి తిప్పి పంపింది 1708లో ఆన్ రాణి. ఆ అధికారాన్ని ఏ చట్టమూ రద్దు చేయలేదు, డబ్బు ఇచ్చే సభను కాదని నడిపే మంత్రులే దొరకలేదు, అంతే.

ఈ పోరు తెలుగు నేలను నేరుగా తాకిన సందర్భం 1783లో వచ్చింది. అప్పటికే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నాయి. కంపెనీ పాలనను పార్లమెంటు నియమించే కమిషనర్లకు అప్పగించాలని మంత్రి చార్లెస్ ఫాక్స్ బిల్లు తెచ్చాడు. భారతదేశంలో ఉద్యోగాలు పంచే అధికారం ఎవరికి దక్కితే లండన్‌లో వాళ్లదే పైచేయి. కామన్స్‌లో బిల్లు 208కి 102 ఓట్లతో నెగ్గింది. మూడో జార్జ్ రాజు, దీనికి ఓటేసేవాణ్ని నా శత్రువుగా చూస్తానని ఒక ప్రభువు ద్వారా ప్రభువుల సభలో చెప్పించాడు. బిల్లు అక్కడ 95కి 76తో వీగిపోయింది. మర్నాటి అర్ధరాత్రే మంత్రులను తీసేసి, 24 ఏళ్ల పిట్‌ను ప్రధానిని చేశాడు. రాజు గెలిచిన అరుదైన సందర్భం ఇది. గోదావరి ఒడ్డున శిస్తు కట్టే రైతుకు మాత్రం ఈ రెండు పక్షాల్లో ఏదీ తనది కాదు.

ఆ తేడా ఎంత లోతైనదో 1850ల్లో బయటపడింది. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపారు. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్నది అందులోని ఫిర్యాదుల్లో ఒకటి. ఆ గొడవ లండన్ సభలో లేచాక విచారణ కమిషన్ వేశారు. 1855లో వచ్చిన నివేదిక ఆ ఫిర్యాదు నిజమేనంది. చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి మెడకూ కాళ్లకూ కలిపి తాడు బిగించి ఎండలో నిలబెట్టడం మామూలు పద్ధతులని అందులో రాశారు. సమ్మతి లేని పన్ను దౌర్జన్యమని రాజుతో యుద్ధం చేసిన పార్లమెంటు ఏలుబడిలోనే ఇదంతా జరిగింది. తమ కోసం గెలుచుకున్న హక్కును ఆ సభ తన కింద ఉన్న జనానికి వర్తింపజేయలేదు. దాని చరిత్రలో ఇది చెరగని మచ్చ.

1919 సంస్కరణల తర్వాత ఢిల్లీలో ఎన్నికైన సభ వచ్చినా, సైనిక ఖర్చును సభ ఓటుకే పెట్టలేదు. విలియంను కట్టేసిన తాళం ఇక్కడ వేయనివ్వలేదన్నమాట. 1923లో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచాలన్నారు. సభ కాదంది. వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేక అధికారంతో ధ్రువీకరించి వసూలు చేయించాడు. మూడు వందల ఏళ్ల కింద చార్లెస్ కోరుకున్న అధికారం సరిగ్గా ఇదే.

అందుకే రాజ్యాంగం రాసేటప్పుడు ఈ విషయంలో మాటలు పొదుపుగా, గట్టిగా వాడారు. చట్టం ఆధారంగా తప్ప ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదని 265వ అధికరణం ఒకే వాక్యంలో చెబుతుంది. విధించడం, వసూలు చేయడం అని రెండూ విడివిడిగా రాశారు. ఖర్చు వైపు చూస్తే, ప్రతి శాఖ పద్దునూ లోక్‌సభ ముందు పెట్టాలి. సభ దాన్ని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. శాసనసభల్లోనూ అదే పద్ధతి. ఒక మంత్రిత్వ శాఖ విధానమే నచ్చకపోతే దాని పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని కోత తీర్మానం పెట్టే హక్కు సభ్యుడికి ఉంది. ఇంత కష్టపడి దక్కిన హక్కును మన సభలు వాడే తీరు బాధ కలిగిస్తుంది. చర్చకు సమయం చాలలేదంటూ లక్షల కోట్ల పద్దులను గిలెటిన్ పద్ధతిలో ఒక్క గంటలో కలిపి పాస్ చేసేయడం మామూలైపోయింది.

అయినా ఆ ఒక్క ఏడాది గడువు మాత్రం పని చేస్తూనే ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ముందు సభ నాలుగు నెలలకు ఓట్ ఆన్ అకౌంట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా ఖర్చుకు తాత్కాలిక మంజూరు, ఇచ్చింది. జులై ఆఖరుకు గడువు అయిపోయింది. కొత్త ప్రభుత్వం పూర్తి బడ్జెట్‌కు సిద్ధంగా లేక, మరో నాలుగు నెలల ఖర్చుకు గవర్నర్ ఆర్డినెన్స్‌తో దారి చూసుకుంది. సభ ఓటు లేకుండా ఖర్చు చేయడానికి ఆర్డినెన్స్ వాడటం మంచి అలవాటు కాదు. అయినా ఆ ఆర్డినెన్స్‌కూ నవంబర్ 30 అనే తేదీ ఉంది. ఆ తేదీ దగ్గరపడగానే, నవంబర్ 11న, ప్రభుత్వం సభకు బడ్జెట్ పట్టుకుని రాక తప్పలేదు.